ఇంటింటి వైద్యము: ఆముదము - ఒంటికి మేలు, లోపలికి జాగ్రత్త

చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు సామెత చెబుతారు. ఎవరినైనా కొంచెము తక్కువ చేయవలసి వచ్చినప్పుడు ఆ మాట వాడుతూ ఉంటారు. పాపము, ఆ మాట ఆముదపు చెట్టుకు న్యాయము చేయదు. దాని పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికా. ఇథియోపియాలోను, ఆ చుట్టుపట్ల ప్రదేశములలోను అది ఏండ్ల తరబడి నిలిచి 30 అడుగుల ఎత్తు వరకు పెరిగే చెట్టే. మన మెట్టపొలాలలో ఒక పంటకాలమునకు విత్తి, గెలలు కోసుకొని, ఆ తరువాత పీకివేస్తాము గనుక మన కంటికి అది పొద వలె కనబడుతుంది.

అది మన దేశమునకు ఎంత పూర్వము వచ్చినదంటే, పరదేశపు చెట్టన్న సంగతే మనము మరచిపోయినాము. సంస్కృతములో దానికి ఏరండమని పేరు. ఆకు చేతివేళ్ల వలె చీలి ఉంటుంది గనుక పంచాంగులమని మరొక పేరు. వాతమును హరించే మందులలో ఏరండమూలమునకు చరకుడు పెద్దపీట వేసినాడు. మన తమిళ సోదరులు చెట్టును ఆమణక్కు అంటారు, నూనెను విళక్కెణ్ణెయ్ అంటారు. ఈజిప్టు దేశములో క్రీస్తుకు పూర్వము సుమారు 1550 ప్రాంతములో వ్రాసిన వైద్యగ్రంథములో కూడా దీని ప్రస్తావన ఉన్నది. పాశ్చాత్యులు పెట్టిన శాస్త్రీయ నామము రిసినస్. లాటిను భాషలో ఆ మాటకు పిడుదు అని అర్థము. పశువుల చెవులకు పట్టుకొని రక్తము పీల్చి ఉబ్బిన పిడుదును, మచ్చలు మచ్చలుగా ఉండే ఆముదపు గింజను పక్కపక్కన పెట్టి చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో ఎవరూ చెప్పనక్కరలేదు.

రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఆముదము కొత్త కాదు. వేరుశనగ చేల గట్ల మీద నాలుగు ఆముదపు మొక్కలు వేసుకొనుట ఈ ప్రాంతపు రైతుల అలవాటు. మట్టినూనె రాకముందు దీపమునకు ఆముదము, బండి ఇరుసుకు కందెనలో ఆముదము, కాటుకకు ఆముదము, తలకు ఆముదము. గంధకామ్లముతో చర్య జరిపిన ఆముదమును నూలు అద్దకములో వాడతారు. గుడియాత్తము లుంగీలను ఎరుగని ఇల్లు మనలో లేదు గదా. అటువంటి నూనెనే తోలు మెత్తపరచుటకు కూడా వాడతారు. ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట తోళ్ల పరిశ్రమలో దానికి చోటు ఉన్నది. ఇన్ని విధాల అక్కరకు వచ్చే నూనె ఇంటి వైద్యములోనికి రాక ఎక్కడికి పోతుంది?

ఈ నెల ఈ శీర్షికకు ఆముదమును ఎంచుకొనుటకు కారణము గుడియాత్తము నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము. ఆమెకు తొలి కాన్పు. బిడ్డకు రెండవ నెల. వారానికి ఒకసారి తలంటు పోసే రోజున బిడ్డకు ఉగ్గుగిన్నెతో కాస్త ఆముదము పట్టించవలెనని అత్తగారు అంటారు. వద్దని డాక్టరు అంటారు. "మా ఆయనను, ఆయన అక్కచెల్లెళ్లను అలాగే పెంచినానని అత్తగారు చెబుతారు. ఆమె మాట తీసివేయలేను, డాక్టరు మాట కాదనలేను. మీరేమంటారు?" అని ఆమె ప్రశ్న. ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. మనలో చాలా ఇండ్లలో ఇది పైకి చెప్పుకోని తగవే. కాబట్టి సంగతి మొదటి నుంచి విచారించుదాము.

గింజలో ఏమున్నది?

ఆముదపు గింజ బరువులో సుమారు సగము నూనె. ఆ నూనెలో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలెయిక్ ఆమ్లమనే పదార్థము. నూనె కడుపులోనికి పోయిన తరువాత పేగులలో జీర్ణమై ఆ ఆమ్లము విడిపోతుంది. అది పేగుల గోడలను ప్రేరేపించి విరేచనము కలిగిస్తుంది. ఇది ఎట్లు జరుగుతుందో చాలా కాలము సరిగా తెలియలేదు. 2012లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎలుకల మీద పరిశోధించి, పేగుల కండరములలోను, గర్భాశయపు కండరములలోను ఒకే రకపు గ్రాహకము మీద ఈ ఆమ్లము పనిచేస్తుందని కనుగొన్నారు. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకోవలెను. గర్భిణీల విషయము వచ్చినప్పుడు మళ్లీ కావలసి వస్తుంది.

నూనె సంగతి ఇది. నూనె తీసిన తరువాత మిగిలే పిండిలో మరొకటి ఉన్నది. దాని పేరు రిసిన్. అది ఒక మాంసకృత్తు, అతి తీవ్రమైన విషము. 1888లో స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు దానిని వేరుచేసి ఆ పేరు పెట్టినాడు. శరీరములోని ప్రతి కణమూ తనకు కావలసిన మాంసకృత్తులను తానే తయారు చేసుకుంటుంది. రిసిన్ కణములోనికి ప్రవేశించి ఆ పనిని ఆపివేస్తుంది. 1978లో లండను నగరములో మార్కోవ్ అనే బల్గేరియా రచయితను రహస్యముగా హత్య చేయుటకు వాడిన విషము ఇదేనని చెబుతారు.

మరి అంత విషము ఉన్న గింజ నుంచి తీసిన నూనెను మన తాతలు, ముత్తాతలు ఎట్లు తాగినారు? రిసిన్ నూనెలో కరగదు. అది పిండిలోనే నిలిచిపోతుంది. పైగా వేడికి చెడిపోతుంది. మన ఇండ్లలో వంటాముదము తీసే పద్ధతిని తలచుకోండి. గింజలను వేయించి, దంచి, నీటిలో పోసి బాగా కాచి, పైకి తేలిన నూనెను మాత్రము తీసి, అందులో తడి పోయేవరకు మళ్లీ కాచేవారు. రిసిన్ అనే పేరు వారికి తెలియదు. అయినా పచ్చి గింజ పనికిరాదని, కాచనిదే నూనె నోట పెట్టరాదని వారికి తెలుసు. ఆ శ్రమ అంతా రుచి కోసము పడినది కాదు. మన పెద్దల వైద్యములో భయమూ జాగ్రత్తా కూడా ఉండేవని ఈ వంటాముదమే సాక్ష్యము. నేడు ఇంట్లో నూనె తీసేవారు అరుదు. మందుల షాపులో దొరికేది శుద్ధిచేసిన నూనె.

పసిబిడ్డకు పట్టించవచ్చునా?

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వస్తాము. పట్టించరాదు. డాక్టరు చెప్పినదే సరియైన మాట. దానికి కారణములు రెండు.

మొదటిది ఊపిరితిత్తుల సంగతి. నీళ్లు పొరపాటున శ్వాసనాళములోనికి పోతే వెంటనే దగ్గు వస్తుంది, ఆ దగ్గుతో నీళ్లు బయటికి వస్తాయి. నూనె అట్లు కాదు. చిక్కగా, నున్నగా ఉంటుంది గనుక దగ్గు పుట్టించకుండానే జారిపోతుంది. ఏడుస్తున్న బిడ్డను ఒడిలో వెల్లకిల పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లో పోస్తే కొంత నూనె ఊపిరితిత్తులలోనికి పోవుటకు అవకాశము ఎక్కువ. అక్కడ అది కరగదు, బయటికి రాదు. దగ్గు, జ్వరము, ఆయాసము మొదలవుతాయి. మామూలు న్యుమోనియా మందులకు సరిగా లొంగదు. పసిపిల్లలకు నూనె పట్టించుట వలన వచ్చే ఈ జబ్బును గూర్చి దక్షిణ భారతదేశపు అనుభవములతో 1973లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసము వెలువడినది. స్నానము చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదే అలవాటు కూడా ఇదే కీడు చేస్తుంది. ఆముదమైనా, కొబ్బరినూనె అయినా, నెయ్యి అయినా ఇందులో భేదము లేదు.

రెండవది నీటి సంగతి. పెద్దవారికి నాలుగు విరేచనములు అయితే నీరసముతో పోతుంది. నాలుగు కిలోల బిడ్డ ఒంటిలో నీరు ఎంత ఉంటుంది? అందులో వేలూరు ఎండలు మనకు తెలియనివి కావు. విరేచనములతో నీరు, లవణములు పోతే పసిబిడ్డ గంటలలో వాడిపోతుంది.

మరి పెద్దలు ఎందుకు పట్టించినారు? పుట్టిన బిడ్డ కడుపులోని నల్లటి మలము వెళ్లిపోవుటకు అని వారి ఉద్దేశము. ఆ పనిని ప్రకృతి తల్లి ముర్రుపాలకు అప్పగించినది. ముర్రుపాలు బిడ్డకు మొదటి ఆహారమే కాక, మృదువైన విరేచనౌషధము కూడా. పూర్వము కొన్ని ఇండ్లలో ముర్రుపాలు పిండి పారబోసి, బదులుగా ఆముదము, తేనె నాకించేవారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు ఉన్నది ఆ పద్ధతి. పుట్టినది మొదలు 6 నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ, చివరికి మంచినీరు కూడా, అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు అయిదారుసార్లు వెళ్లవచ్చును. నెల దాటిన తరువాత కొందరు బిడ్డలు నాలుగైదు రోజులకు ఒకసారి వెళ్తారు. మలము మెత్తగా ఉండి, బిడ్డ పాలు తాగుతూ, ఆడుకుంటూ, బరువు పెరుగుతూ ఉంటే అది మలబద్ధకము కాదు. అయితే పుట్టిన 24 గంటలలో నల్లటి మలము పోకపోయినా, బిడ్డ పసుపుపచ్చ, ఆకుపచ్చ వాంతులు చేసుకున్నా, కడుపు ఉబ్బినా, పాలు మానివేసినా ఇంట్లో ఏ నూనె కోసమూ వెదకక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

అత్తగారికి ఈ సంగతి ఎట్లు చెప్పుట? ఆమెను తప్పు పట్టనక్కరలేదు. ఆమె పిల్లలను పెంచిన కాలములో ఊరికి డాక్టరు అరుదు. తెలిసిన మందు అదొక్కటే. ఆమె చేతికి పని లేకుండా చేయుట కూడా మంచిది కాదు. నూనె గిన్నె ఆమె చేతికే ఇవ్వండి. ఒళ్లు మర్దన చేసి, కాళ్లు చేతులు సాగదీసి, నలుగు పెట్టి నీళ్లు పోయుటలో ఆమెకు ఉన్న నేర్పు కోడలికి రాదు. నూనె ఒంటి మీద వరకే. నోట్లో, ముక్కులో, చెవిలో వద్దు. ఈ ఒక్క నియమమును ఆమెకు మనుమడి మీది ప్రేమతోనే చెప్పవచ్చును. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమెను కూడా వెంట తీసుకొనిపోతే ఇంకా మంచిది. ఆ మాట కోడలి నోట వినుటకు, డాక్టరు నోట వినుటకు భేదమున్నది.

కాటుక సంగతి కూడా ఇక్కడే చెబుతాము. ఆముదపు దీపము మసితో ఇంట్లో పట్టిన కాటుకను నుదుట, అరికాలిలో దిష్టిచుక్కగా పెట్టుకొనవచ్చును. బిడ్డ కంటిలో మాత్రము వేలితో దిద్దరాదు. వేలి మురికి కంటికి అంటుతుంది. బజారులో అమ్మే కొన్ని సుర్మాలలో సీసము ఉంటుంది. అది ఇంకా ప్రమాదము.

ఆముదము తాగిన ముఖము

ఎవరైనా ముఖము చిట్లించుకొని కూర్చుంటే ఆముదము తాగిన ముఖమని అంటాము. ఆ మాట ఊరికే పుట్టలేదు. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచే ముందు ఇంట్లోని పిల్లలనందరినీ వరుసగా కూర్చుండబెట్టి కాఫీలో కలిపిన ఆముదము తాగించిన ఇండ్లు మనలో చాలా ఉన్నవి. కడుపులోని నులిపురుగులు పోతాయని పెద్దల నమ్మకము. నులిపురుగులకు నేడు ఆల్బెండజోల్ మాత్ర ఉన్నది. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినము పేరిట అంగన్వాడీలలోను, బడులలోను ఆ మాత్ర ఉచితముగా ఇస్తున్నారు. ఇక ఆముదముతో పిల్లలను శిక్షించవలసిన పని లేదు.

పెద్దవారికి ఆముదము ఇప్పటికీ అంగీకరించిన విరేచనౌషధమే. ఔషధగ్రంథములలో పెద్దల మోతాదు 15 నుంచి 60 మిల్లీలీటర్లు. రెండు నుంచి ఆరు గంటలలో పనిచేస్తుంది గనుక రాత్రి పడుకోబోయే ముందు తాగేది కాదు. అలవాటుగా తాగేదీ కాదు. రోజూ తాగితే పేగులు మందుకు మరుగుతాయి. ఒంటిలోని పొటాషియము తగ్గుతుంది. గుండెజబ్బుకు, రక్తపుపోటుకు మందులు వాడే వృద్ధులకు ఇది మంచిది కాదు. మలబద్ధకమునకు ముందుగా చేయవలసినది నీళ్లు ఎక్కువ తాగుట, ఆకుకూరలు, అరటిపండు, పొట్టు తీయని ధాన్యము తినుట, కొంచెము నడుచుట. చాలకపోతే ఇసబ్గోలు. ఆముదము వరకు పోవలసి వస్తే వైద్యుని అడిగి పోవలెను.

ఒక మాటను మాత్రము ప్రతి ఇంట్లో గోడ మీద వ్రాసి పెట్టుకొనుమని కోరుతాము. కడుపునొప్పికి ఆముదము ఇవ్వరాదు. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగి, వాంతి, జ్వరము తోడైతే అది అపెండిసైటిస్ కావచ్చును. వాచిన పేగుతోక మీద విరేచనమందు వేస్తే పేగులు బలముగా కదిలి అది పగిలే ప్రమాదము ఉన్నది. పగిలితే చీము కడుపంతా నిండుతుంది. అరగంట ఆపరేషనుతో పోయేది ప్రాణము మీదికి వస్తుంది. పేగు మడతపడినా, మూసుకున్నా ఇదే ప్రమాదము. నొప్పి ఏమిటో డాక్టరు చూచి చెప్పేవరకు ఆముదము సీసా మూత తీయకండి.

గర్భిణీలకు

నెలలు నిండినా నొప్పులు రాకపోతే ఆముదము తాగించే అలవాటు మనలోనే కాదు, చాలా దేశములలో ఉన్నది. పేగుల మీద పనిచేసే ఆమ్లము గర్భాశయము మీద కూడా పనిచేస్తుందని పైన చెప్పినాము. కాబట్టి నెలలు నిండని గర్భిణికి ఆముదము ఇచ్చుట ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. నెలలు నిండినవారి సంగతి ఏమిటి? అప్పటివరకు జరిగిన 3 పరిశోధనలను, 233 మంది స్త్రీలకు సంబంధించినవి, 2013లో ఒకచోట చేర్చి పరిశీలించినారు. ఆముదము నొప్పులు తెప్పిస్తుందని గట్టిగా చెప్పుటకు ఆధారము చాలలేదు. తాగిన స్త్రీలందరికీ వికారము కలిగినదని మాత్రము తేలినది. ప్రసవమునకు కావలసిన బలమును విరేచనములలో పోగొట్టుకొనుట ఎందుకు? వేలూరులో 1900లో డాక్టర్ ఐడా స్కడర్ చిన్న వైద్యశాల తెరిచినది ముఖ్యముగా స్త్రీల ప్రాణముల కోసమే. 1918లో ఆమె స్త్రీలకు వైద్యవిద్య నేర్పే పాఠశాల ప్రారంభించినారు. వేలూరుకు గుడియాత్తమునకు నడుమ కె.వి. కుప్పము దగ్గర సి.ఎం.సి. వారి గ్రామీణ ఆరోగ్య విభాగము 1977లో ఏర్పడినది. ఇంత అండ దగ్గర ఉండగా కాన్పు విషయములో ఆముదమును నమ్ముకోవలసిన అవసరము లేదు.

పేరులో ఉన్న చిక్కు

తమిళ దేశములో ఉండే మనవారు ప్రత్యేకముగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. విళక్కెణ్ణెయ్ అంటే మాటకు మాటగా దీపపు నూనె. ఒకప్పుడు దీపానికి వాడేది ఆముదమే గనుక ఆ పేరు ఆముదమునకు స్థిరపడినది. కాని నేడు అంగళ్లలో పూజకని, దీపారాధనకని రకరకాల పేర్లతో అమ్మే నూనెలు కొన్ని కలగలుపు నూనెలు. అవి తాగుటకు పనికిరావని సీసా మీదనే వ్రాసి ఉంటుంది. కంటిచూపు తగ్గిన అవ్వ దేవుని గూటిలోని సీసా తీసి ఆముదమనుకొని వాడితే కష్టము. దేవుని నూనె దేవుని గూటిలో, మందు నూనె మందుల పెట్టెలో ఉంచి, సీసాల మీద పేరు తెలుగులోను, తమిళములోను పెద్ద అక్షరములతో వ్రాసి అంటించండి. మందుకు కొనేటప్పుడు మందుల షాపులోనే, ఇండియన్ ఫార్మకోపియా గుర్తు ఉన్న సీసాయే కొనండి.

పేరు వలన మరొక చిక్కు కూడా ఉన్నది. కంచెలకు నాటే అడవి ఆముదము, తమిళములో కాట్టామణక్కు, వేరే చెట్టు. అది అమెరికా ఖండము నుంచి వచ్చినది. దాని గింజలు వేరుశనగ పలుకుల వలె కొంచెము తియ్యగా ఉంటాయట. బడిపిల్లలు ఆటలో పగులగొట్టుకొని తిని, వాంతులు, విరేచనములతో గుంపుగా ఆసుపత్రి పాలగుట మన రాష్ట్రములలో తరచు జరిగేదే. రెండు గింజలూ విషమేనని పిల్లలకు చూపించి చెప్పవలెను.

ఆముదపు గింజను నమలకుండా మింగితే, పైపెంకు గట్టిది గనుక ఒక్కొక్కసారి అలాగే బయటికి పోతుంది. నమిలితేనే విషము విడిపోతుంది. ఎట్లు తిన్నా ప్రమాదముగానే భావించవలెను. కొన్ని గంటలు ఏమీ తెలియకపోవచ్చును. తరువాత వాంతులు, రక్తవిరేచనములు, నీరసము వస్తాయి. ఆ పైన మూత్రపిండములు, కాలేయము దెబ్బతినవచ్చును. దీనికి విరుగుడు మందు లేదు. కాని వెంటనే ఆసుపత్రిలో చేర్చి, సెలైను ఎక్కించి కనిపెట్టి ఉంటే చాలామంది కోలుకుంటారు. ఉప్పునీరు తాగించి వాంతి చేయించే ప్రయత్నము చేయకండి. మిగిలిన గింజలను, కాయలను కాగితములో పొట్లము కట్టి డాక్టరుకు చూపించుటకు వెంట తీసుకొనిపొండి. 108కి ఫోను చేస్తే ఆంబులెన్సు వస్తుంది. గుడియాత్తములో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. వేలూరు దగ్గర అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఉన్నది. ఊరి నడుమ సి.ఎం.సి. ఉండనే ఉన్నది.

మిద్దె మీద కుండీలలో మొక్కలు పెంచేవారు ఎరువుగా ఆముదపు పిండి కొంటూ ఉంటారు. నూనె పోయిన పిండిలోనే విషము మిగులుతుందని ముందే చెప్పినాము. పెంపుడు కుక్కలు ఆ వాసనకు ఆశపడి తింటాయి, చనిపోతాయి. మేకలు, ఆవులు ముట్టకుండా చూడవలెను. ఆ పిండి ధూళి పీల్చితే కొందరికి ఉబ్బసము వస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని చల్లి, పైన మట్టి కప్పి, చేతులు కడుగుకొనవలెను.

ఒంటికి మేలు

ఇంత చెప్పినందుకు ఆముదము సీసాను పారవేయుమని మా అభిప్రాయము కాదు. పగిలిన మడమలకు రాత్రి కాళ్లు కడిగి తుడుచుకొని ఆముదము రాసి మేజోళ్లు వేసుకొంటే పది రోజులలో తేడా కనబడుతుంది. ఎండిన పెదవులకు, మోచేతులకు మంచిది. చిక్కదనము ఎక్కువ గనుక తలకు రాసేవారు కొబ్బరినూనెతో కలిపి రాసుకొనవచ్చును. అయితే రాలిన జుట్టు తిరిగి మొలుస్తుందనే మాటకు గట్టి ఆధారము లేదు. మోకాలి నొప్పికి ఆముదపు ఆకును వెచ్చచేసి నూనె రాసి కట్టుట పాత పద్ధతి. చర్మము కాలనంత వెచ్చన అయితే హాని లేదు, హాయిగా ఉంటుంది. ఆకు రసమును మాత్రము కామెర్లకని తాగరాదు. ఆకులో కూడా రిసినిన్ అనే విషపదార్థము ఉన్నది. కామెర్లలో అసలే కాలేయము దెబ్బతిని ఉంటుంది.

ఆఖరికి ఆసుపత్రి మందులలో కూడా ఆముదము ఉన్నది. పసిబిడ్డల పిరుదులు ఒరిసి ఎర్రబడినప్పుడు రాసే జింకు మలాములో ఆముదము కలుపుతారు. తామరకు వాడే కొన్ని మందులలోని అండెసిలెనిక్ ఆమ్లము ఆముదము నుంచి వచ్చినదే. కాన్సరుకు ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే మందు నీటిలో కరగదు గనుక ఆముదము నుంచి తయారుచేసిన ద్రవములో కరిగించి ఎక్కిస్తారు. ఆ ద్రవము కొందరికి పడదు గనుక ముందుగా విరుగుడు సూదులు వేసి, దగ్గర ఉండి కనిపెడతారు. ఇంత పెద్ద వైద్యులే ఆముదముతో జాగ్రత్తగా ఉన్నప్పుడు మనము మరింత జాగ్రత్తగా ఉండవలెను గదా.

ప్రపంచములో పండే ఆముదములో అత్యధిక భాగము మన దేశములోనే పండుతున్నది. అందులో పెద్ద వాటా గుజరాతుది. మన తెలుగువారిలో పాలమూరు, నల్లగొండ, కర్నూలు మెట్టరైతులు దానిని నమ్ముకొన్నవారు. హైదరాబాదు రాజేంద్రనగరములోని నూనెగింజల పరిశోధన సంస్థలోను, పాలెములోని వ్యవసాయ పరిశోధన కేంద్రములోను దాని మీద పరిశోధనలు జరుగుతున్నవి. ఆ రైతు పండించిన పంటను మనము చెప్పులేసుకొని నడిచే పాదమునకు, దేవుని ముందు దీపమునకు, నొచ్చిన మోకాలికి వాడుకుందాము. పసిబిడ్డ నోటికి, గర్భిణి నోటికి, నొప్పి పుట్టిన కడుపుకు మాత్రము దూరముగా ఉంచుదాము.

వంటాముదము తీసే పద్ధతి ఇంకా ఎరిగిన అవ్వలు మన కుటుంబములలో ఉంటే, ఎన్ని గింజలకు ఎన్ని నీళ్లు, ఎంతసేపు కాచేవారు, చిట్టాముదమునకు పెద్దాముదమునకు వారు చూపిన భేదమేమిటి అన్న సంగతులు వ్రాయించి పంపమని కోరుతున్నాము. తాగుటకు కాదు, మరుగున పడకుండా దాచుకొనుటకు.